చెన్నపట్టణమును తొలిసారి చూచి వచ్చిన పిదప

సంక్రాంతి పండుగ వెళ్లిన వారము దినములకు నేను వర్తకపు పనిమీద చెన్నపట్టణమునకు పోయి వచ్చితిని. నాకిప్పుడు నలువదియారు సంవత్సరములు. ఇరువది యేండ్లకు పైగా బట్టల వ్యాపారము చేయుచు సూరతు, కలకత్తా, బెజవాడ పలుమారులు చూచితిని గాని, చెన్నపట్టణమున అడుగుపెట్టుట ఇదియే మొదలు. అక్కడి వింతలను వర్ణించుటకై నేనీ వ్యాసము వ్రాయుటలేదు. మన సంఘపు నిధిని కల్యాణమండప నిర్మాణమునకే వినియోగింపవలెనని నిరుడు సర్వసభ్య సమావేశమున గట్టిగా వాదించినవారిలో నేనొకడను. చెన్నపట్టణమున చూచినదాని వలన ఆ అభిప్రాయమును మార్చుకొంటిని. పదిమందిలో చెప్పిన మాటను పదిమందిలోనే మార్చుకొనుట ధర్మమని తలచి ఈ నాలుగు మాటలు విన్నవించుచున్నాను.

మన బరంపురము వారికి చెన్నపట్టణము ఒకప్పుడు పరాయి ఊరు గాదు. 1936వ సంవత్సరము ఏప్రిలు 1వ తేదీన ఒరిస్సా రాష్ట్రము ఏర్పడువరకు గంజాం జిల్లా మదరాసు రాజధానిలోనిది. మన కలెక్టరుకు ఉత్తరువులు అక్కడినుండియే వచ్చెడివి. మన కోర్టుల తీర్పులపై అప్పీళ్లు అక్కడి హైకోర్టునకే పోయెడివి. మా ముత్తాతగారు ఒక స్థలపు వ్యాజ్యమునకై రెండు పర్యాయములు చెన్నపట్టణము పోయి వచ్చిరట. ఆ ఖర్చులు వ్రాసిన చిట్టా మా ఇంటి పెట్టెలో నేటికిని ఉన్నది. రైలు ఛార్జీ, వకీలు ఫీజు, పూటకూటి ఇంటికి చెల్లించిన అణాలు, తిరుగు ప్రయాణమున కొన్న రెండు పంచెలు — అన్నియు తెలుగున పద్దులుగా నున్నవి.

1936 తరువాత మన పనులు కటకమునకును, పిమ్మట భువనేశ్వరమునకును మరలినవి. అందులో అన్యాయమేమియు లేదు. ఒడియా సోదరులు తమ భాషకొక రాష్ట్రము కావలెనని చిరకాలము పాటుపడి సాధించుకొనిరి. ఆ మార్పు నచ్చనివారు కొందరు లేకపోలేదు. గిడుగు రామమూర్తి పంతులుగారు తాము జీవితమంతయు సేవచేసిన పర్లాకిమిడిని 1936లో విడిచి రాజమహేంద్రవరమునకు తరలిరి. మన పెద్దలలో పెక్కుమంది మాత్రము కదలలేదు. ఇక్కడనే వ్యాపారములు చేసి, ఒడియా నేర్చి, ఇరుగుపొరుగుతో కలసిమెలసి బ్రదికిరి. మనము వారి సంతతివారము. అందువలన కోల్పోయినదేదియో గలదని విలపించుటకు నేను చెన్నపట్టణము పోలేదు. విలపింపుమని మిమ్మును కోరుటయు లేదు.

ఈ ప్రయాణమున మా రెండవ అమ్మాయిని వెంటబెట్టుకొని పోతిని. ఆమె ప్లస్ టూ చదువుచున్నది. ఒడియా, హిందీ, ఇంగ్లీషు చక్కగా చదువను వ్రాయను వచ్చును. తెలుగు ఇంటిలో మాటలాడును గాని అక్షరములు రావు. ఈ సంగతి నాకు తెలియనిది గాదు. తెలిసియు తెలియనట్లుంటిని.

రాత్రి బరంపురమున రైలెక్కి మరునాటి సాయంకాలమునకు సెంట్రలు స్టేషనులో దిగితిమి. ఎర్ర ఇటుకల ఆ స్టేషను 1873 నాటిది. ఆటోరిక్షా మాటలాడబోవుచు, తమిళము రాదు గదాయని నాకు వచ్చిన హిందీలో బేరము మొదలుపెట్టితిని. ఆ డ్రైవరు నా ముఖము చూచి నవ్వి, ‘ఏ ఊరు సార్ మీది, తెలుగువాళ్లా?’ అని తెలుగుననే అడిగెను. అతడు తమిళుడు, చుట్టుప్రక్కల తెలుగువారితో మెలగి నేర్చుకొన్నాడట. ఊరు గాని ఊరని నా భాషను నేనే దాచుకొంటిని. దాచవలసిన పని లేదని పరాయివాడు చెప్పవలసివచ్చెను.

చెన్నపట్టణము తొలిసారి చూడబోవు మనవారు రెండు తెగలుగా నుందురని నాకు తోచినది. ఒక తెగవారు త్యాగరాయనగరమున బంగారమును, పట్టుచీరలను కొని, సాయంకాలము మెరీనాలో కాళ్లు తడుపుకొని రైలెక్కుదురు. రెండవ తెగవారు ప్రతి వీధిని చూచి, ‘ఇదంతయు మనది, పోగొట్టుకొంటిమి’ అని నిట్టూర్తురు. మొదటివారు ఏమియు చూడరు. రెండవవారు చూచినదానిని అపార్థము చేసికొందురు. మూడవ మార్గమొకటి గలదు. ఒక నగరమును ఎవరెవరు కలసి కట్టిరో తెలిసికొని, అందులో మనవారి పని ఎంతయో గ్రహించి, అటువంటి పని మన ఊరిలో మనము చేయుచున్నామా యని ప్రశ్నించుకొనుట ఆ మార్గము.

మరునాడు ఉదయము జార్జిటౌనులో నడచితిమి. 1639లో ఇంగ్లీషు కంపెనీవారికి కోట కట్టుకొనుటకు ఈ తీరమున స్థలమిచ్చినవాడు దామెర్ల వెంకటాద్రి నాయకుడు. ఆయన తండ్రి చెన్నప్ప నాయకుని పేరనే ఈ ఊరు చెన్నపట్టణమైనది. తొలినాళ్లలో కంపెనీకిని దేశీయులకును నడుమ దుబాసీగా నుండినవారిలో బేరి తిమ్మప్ప ముఖ్యుడు. 1734లో నేతగాండ్రకు నివాసముగా చింతాద్రిపేటను కట్టించినప్పుడు, ఆ స్థలము సుంకురామ చెట్టి యను వర్తకుని తోట. లింగి చెట్టి వీధి, గోవిందప్ప నాయకుని వీధి, తంగసాల వీధి — ఈ పేర్లను చదువుకొనుచు పోయినచో వర్తక చరిత్ర తానై కనబడును. నేడు షావుకారుపేట అంగళ్లలో కూర్చున్నవారు చాలవరకు మార్వాడీలు, గుజరాతీలు. వారు ఇంటిలో తమ భాష మాటలాడుకొందురు. కొనవచ్చినవారితో స్వచ్ఛమైన తమిళము మాటలాడుదురు. నేను సరుకు కొన్న అంగడి యజమాని నాతో తమిళము, హిందీ, తెలుగు మూడును కలిపి బేరమాడెను. అతని గల్లాపెట్టె ప్రక్కనున్న పుస్తకము మాత్రము గుజరాతీలో వ్రాయబడియున్నది. ఆ పుస్తకమును చూచినప్పుడు మా దుకాణములో ఇరువది యేండ్ల క్రిందట ఆగిపోయిన తెలుగు పద్దులు నాకు జ్ఞాపకమునకు వచ్చినవి. ఆపినవాడను నేనే.

ఈ వీధులలో తిరిగిన వర్తకుడెవడైనను గాజుల లక్ష్మీనరసు చెట్టిగారిని స్మరింపక రాకూడదు. 1806లో పుట్టి 1868లో గతించిన ఈయన నీలిమందు, బట్టల వ్యాపారమున ధనము గడించెను. ఆ ధనముతో 1844లో ‘క్రెసెంటు’ అను పత్రికను నడిపెను. 1852లో మదరాసు దేశీయ సంఘమును స్థాపించెను. పన్ను చెల్లింపలేని రైతులను రెవెన్యూ సిబ్బంది హింసించుచుండిన సంగతిని ఇంగ్లండు పార్లమెంటు వరకు తీసికొనిపోగా, ప్రభుత్వము విచారణ సంఘమును వేయక తప్పలేదు. ఆ రైతులలో తెలుగువారును తమిళులును ఉండిరి. చెట్టిగారు ఎవరి భాష యేదని అడుగలేదు. తుదకు ఆస్తియంతయు కరగి బీదతనముననే గతించెను. తరువాతి తరమున మరియొక తెలుగు వర్తకుడు, పిట్టి త్యాగరాయ చెట్టిగారు, నగర కార్పొరేషను అధ్యక్షుడుగా నున్నప్పుడు 1920లో థౌజండు లైట్సు పాఠశాల పిల్లలకు మధ్యాహ్న భోజనము పెట్టించెను. త్యాగరాయనగరమునకు ఆ పేరు ఈయన వలన వచ్చినదే. అక్కడ బంగారము కొను మన ఆడపడుచులలో ఎందరికి ఈ సంగతి తెలియును?

ఎగ్మూరు మ్యూజియములో కృష్ణాతీరపు అమరావతి శిల్పములను చూచితిమి. కోట్టూరుపురమున అన్నా శతవార్షిక గ్రంథాలయ భవనములో ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారము గలదు. కల్నల్ మెకంజీ సేకరించినవి, బ్రౌనుదొర సేకరించినవి అందులోని మూలధనము. మెకంజీకి ఊరూర తిరిగి కైఫీయతులు కూర్చి పెట్టినవారు కావలి బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి అను అన్నదమ్ములు. 1852లో వెలువడిన బ్రౌను నిఘంటువు పుట్టినది చెన్నపట్టణముననే. చిన్నయసూరి వ్యాకరణము వ్రాసినది, 1854లో వావిళ్ల రామస్వామి శాస్త్రులుగారు ముద్రణాలయము పెట్టినది, 1914లో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు ఆంధ్రపత్రికను దినపత్రికగా నడుప నారంభించినది అక్కడనే. పంతులుగారు అమృతాంజనము అమ్మిన లాభముతో పుస్తకములు అచ్చువేసిరి. మైలాపూరులో ఆయన పేర ఉన్న ఉద్యానవనమున ఉదయము నడచువారందరును తమిళులు. వారు ఆ పేరును గౌరవముగానే పలుకుచున్నారు.

మైలాపూరు దారిలోనే రాయపేట హైరోడ్డుమీద పొట్టి శ్రీరాములుగారి స్మారకభవనము గలదు. బులుసు సాంబమూర్తిగారి ఇంటిలో 1952 అక్టోబరు 19న దీక్ష పూని, 58 దినములు నిరాహారులై, డిసెంబరు 15వ తేదీ రాత్రి ఆయన ప్రాణములు విడిచెను. 1901లో ఆయన పుట్టినదియు ఆ నగరముననే. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము కర్నూలు రాజధానిగా వెలసెను. చెన్నపట్టణము తమిళులకు నిలిచెను. 1949లో నెహ్రూ, పటేలు, పట్టాభి మువ్వురును ఇచ్చిన నివేదికలో ఉన్న మాటయు అదియే. ఆ కాలపు కోపతాపములు నేడు చల్లారినవి. రాష్ట్రము వచ్చిన తరువాతను తెలుగువారు చెన్నపట్టణమును విడువలేదు. నగరము వారిని వెళ్లగొట్టలేదు. అచటివారి స్థితియు ఇక్కడి మన స్థితియు ఒక్కటియే. సరిహద్దునకు ఆవలనున్న భాష బ్రదుకుట ప్రభుత్వపు గీతమీద ఆధారపడదు. ఇంటిలోని అక్షరముమీద ఆధారపడును.

ఈ మాట నాకు ఎట్లు తెలిసినదో చెప్పెదను. ఆ మధ్యాహ్నము షావుకారుపేట చేరువ ఒక చిన్న గుడికి పోయితిమి. మండపపు గోడలో ఒక రాతిపలక. దానిమీద తెలుగున నాలుగు పంక్తులు. అమ్మాయి దానిని చాలసేపు చూచి నావైపు తిరిగెను. అక్షరములు అరగిపోయియుండుటచే నాకును వెంటనే అందలేదు. అప్పుడు ప్రదక్షిణము చేయుచున్న ఒక వృద్ధుడు ఆగి, వ్రేలితో ఒక్కొక్క అక్షరమును తాకుచు, దీపారాధనకై స్థలమిచ్చిన వర్తకుని పేరును, సంవత్సరమును చదివి వినిపించెను. ఆయన తెలుగువాడనుకొంటిని. కాదు, తమిళుడు. త్యాగరాజస్వామి కీర్తనలు పాడుచు, తమిళ లిపిలో వ్రాసికొన్న సాహిత్యమున క-గ, త-ద భేదము తెలియుటలేదని బాధపడి, ఏబదియేండ్ల వయసు దాటిన తరువాత తెలుగు అక్షరములు నేర్చుకొనెనట. మాటలాడుట సరిగా రాదని నవ్వుచు, మా అమ్మాయితో, ‘మీది తెలుగేనా అమ్మా?’ అని అడిగెను. ఆమె అవునని తల యూపెను. ఆయన మరేమియు అనక పోయెను.

బసకు తిరిగి వచ్చునప్పుడు ఆమె చాలదూరము మాటలాడలేదు. తరువాత, ‘నాన్నగారూ, మన పెట్టెలోని ముత్తాతగారి చిట్టాను మీ తరువాత ఎవరు చదువుతారు?’ అని అడిగెను. నాకు సమాధానము తోచలేదు. ఆమె నన్ను నిందింపలేదు. నిందించినచో ఏదో చెప్పుకొని తప్పించుకొనియుందును.

ఆ సాయంకాలము మెరీనాకు పోతిమి. గోపాలపురపు సముద్రమునకు అలవాటుపడిన మాకు అక్కడి ఇసుక విశాలతయే ఆశ్చర్యము. నీటిని చేరుటకు చాల దూరము నడువవలెను. పందొమ్మిదవ శతాబ్దపు చివరి భాగమున రేవునకై సముద్రములో గోడలు కట్టిన తరువాత, దక్షిణమునుండి ఉత్తరమునకు కొట్టుకొనిపోవు ఇసుక ఆ గోడలకు అడ్డుపడి ఇటు మేట వేసెను. అటు ఉత్తరమున రాయపురము వైపు తీరము కోసికొనిపోయెను. గోడ కట్టినవారు రాయపురమునకు కీడు తలచలేదు. ఓడలు నిలుచుటకు రేవు కావలసివచ్చినది. మంచి పనియే యైనను దాని వలన ఎక్కడ ఏమి కోసికొనిపోవుచున్నదో కనిపెట్టియుండవలెను. పిల్లలకు ఇంగ్లీషు, ఒడియా బాగుగా రావలెనని మనము చేసిన ఏర్పాటు మంచిదే. దాని ఆవలి ప్రక్కను కోత పడుచున్నదని మనము చూడలేదు.

ఇక మండపము మాట. నిరుడు నేను చెప్పిన వాదము ఇది: మండపమున్నచో పెండ్లిండ్లకు అద్దె వచ్చును, సంఘమునకు శాశ్వతమైన ఆదాయము, నలుగురిలో గౌరవము. ఈ వాదములో అసత్యము లేదు. అయితే నా ఇల్లే నాకు ఉదాహరణ. పదునైదేండ్లు గడచినచో ఆ మండపపు గుమ్మముపై తెలుగున వ్రాయించిన మన సంఘపు పేరును చదువగలవారు లోపల పీటలమీద కూర్చున్న వధూవరులలో ఉండరు. ఆదాయము వచ్చును, సంఘమెందుకు ఏర్పడినదో ఆ కారణము పోవును. వర్తకులము మనము. మూలధనము కరిగిపోవుచుండగా దుకాణమునకు రంగు వేయించువానిని తెలివిగలవాడందుమా?

కొందరు పెద్దలు మూడు ఆక్షేపణలు చెప్పుదురు. మొదటిది: ఒడిశాలో బ్రదుకువానికి ఒడియా చాలును గదా యని. ఒడియా తప్పక రావలెను. దానిలో మన పిల్లలు ఎవరికిని తీసిపోరాదు. షావుకారుపేట గుజరాతీవాని తమిళమునకు అతని గుజరాతీ పద్దులు అడ్డు రాలేదు. రెండవది: పిల్లలకు తీరిక లేదని. ట్యూషనులకు వారమునకు ఆరు దినములు పంపు మనము ఒక ఆదివారపు గంటన్నర దొరకదనుట సరిగాదు. మూడవది: ఇది ప్రభుత్వము చేయవలసిన పని యని. రాజ్యాంగములోని 29, 30 అధికరణములు అల్పసంఖ్యాకులకు తమ భాషను, లిపిని నిలుపుకొను హక్కును, విద్యాలయములు నడుపుకొను హక్కును ఇచ్చినవి. 1956లో చేర్చిన 350-ఎ అధికరణము ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన వసతులు కల్పించుటకు ప్రయత్నింపవలెనని ప్రభుత్వములను ఆదేశించుచున్నది. అర్జీ పెట్టుదము, పెట్టవలసినదే. కాని తరగతిలో కూర్చుండుటకు పిల్లలు లేనిచోట ఏ ఉత్తరువు ఏ పాఠశాలను నిలుపగలదు? పిల్లలను పంపనివారము మనమే.

కావున నేను సంఘము ముందుంచు ప్రతిపాదనలు ఇవి. మండపపు పనిని రెండు సంవత్సరములు వాయిదా వేయవలెను. నిధిపై వచ్చు వడ్డీనుండి ఇద్దరు తెలుగు ఉపాధ్యాయులకు జీతమిచ్చి, ప్రతి ఆదివారము ఉదయము పిల్లలకు ఒక తరగతి, పెద్దలకు ఒక తరగతి నడుపవలెను. పెద్దల తరగతి ఎందుకందురేమో. నావలె అక్షరములు తెలిసియు వ్రాత మరచినవారు మనలో తక్కువమంది గారు. పాత ఇండ్లలోని చిట్టాలు, ఉత్తరములు, దస్తావేజులు చెదలపాలు గాకమునుపే ఫోటోలు తీయించి ఒకచోట భద్రపరుపవలెను. రెండవ సంవత్సరాంతమున, చదువ నేర్చిన పిల్లలను చెన్నపట్టణము తీసికొనిపోవలెను. ముందు జార్జిటౌను, తరువాత మ్యూజియము, లిఖిత పుస్తక భాండాగారము, రాయపేట స్మారకభవనము, అన్నిటి తరువాత సముద్రము. బంగారపు అంగళ్లు వారి తల్లులకు ఎట్లును తెలియును.

తరగతులకు చోటు లేదని ఎవరును సందేహింపవలదు. మా దుకాణపు మేడమీది గది ఆదివారములు ఖాళీగా నుండును; అద్దె అక్కరలేదు. మొదటి ఆరు మాసములకు ఒక ఉపాధ్యాయుని జీతము నేనే చెల్లింతును. నా మాట విని నిరుడు మండపమునకై చందా వ్రాసినవారికి ఇది నేను చెల్లింపవలసిన ఋణమని భావించుచున్నాను. ఈ మార్పు ఇష్టము లేనివారు తమ చందాను మండపపు పద్దునందే నిలుపుకొనవచ్చును. వారిపై ఒత్తిడి చేయరాదు.

ఇంటికి వచ్చిన నాటినుండి మా అమ్మాయి రాత్రి భోజనమైన తరువాత అక్షరములు దిద్దుచున్నది. గుణింతములు ముగిసి ఒత్తులలో నున్నది. మొన్న చిట్టా తెచ్చి ముందు పెట్టుకొని, ఒక పుట పట్టుకొని కూర్చుండెను. ‘రైలు’ అను మాటను చదివెను. దాని ప్రక్కనున్న అంకెలు తెలుగు అంకెలగుటచే తెలియలేదు. నన్ను అడిగినది. నాకును రెండు అంకెల దగ్గర సందేహము కలిగినది. ఇద్దరమును కలసి పెద్ద బాలశిక్షలో వెదకి సరిచూచుకొంటిమి. వచ్చే సర్వసభ్య సమావేశమున నా ప్రతిపాదన చర్చకు వచ్చునప్పుడు, సభ్యులు తమ ఇంటిలో ఇట్టి కాగితమొకటి ఉన్నదేమో వెదకి, దానిని తమ పిల్లల ముందుంచి చూచి రావలసినదిగా ప్రార్థించుచున్నాను. ఆ తరువాత మీరు ఏ తీర్మానము చేసినను శిరసావహింతును.